ఇంటిగుట్టుకు కావలి ఎవరు?

మన పెద్దలు తొమ్మిది విషయములను పరులకు తెలియనీయరాదని చెప్పిరి. వయస్సు, ధనము, ఇంటిలోని కలతలు, మంత్రము, ఔషధము, దాంపత్యము, దానము, మానము, అవమానము అనునవి ఆ తొమ్మిది. సెల్ ఫోను కొని, బ్యాంకులో ఖాతా తెరచి, రేషను కార్డుకు దరఖాస్తు పెట్టుకొని, ఆసుపత్రిలో పేరు వ్రాయించుకొన్న నేటి సామాన్య గృహస్థుడు వీనిలో ఎన్నింటిని తన యొద్ద నిలుపుకొనగలుగుచున్నాడు? వయస్సు ఆధార్ కార్డు మీద ఉన్నది. ధనము బ్యాంకువారి కంప్యూటరులో ఉన్నది. ఔషధము ఆసుపత్రి పత్రములలో ఉన్నది. ఇంటిలోని కలతలు ఫోనులోని సందేశములలో ఉన్నవి. మిగిలిన మంత్రమును కూడ, అనగా పాస్‌వర్డును, ఓటీపీని, ఎవడో ఫోను చేసి అడిగినంతనే చెప్పివేయువారు కలరు.

ఈ మార్పు నగరములకే పరిమితమని తలచువారు ముదిగుబ్బ వంటి ఊరిని చూడవలెను. అనంతపురమునుండి కదిరికి పోవు జాతీయ రహదారిమీద ఉన్న మండల కేంద్రమిది. 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజనలో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. అంతకు మున్ను అనంతపురం జిల్లాలోనిది. వేరుసెనగ వేయు మెట్టచేలు, వానకై మొగము మోరచేసి చూచు రైతులు, కరవు ఏట బెంగుళూరు దారి పట్టు కూలీలు - ఇది ఈ సీమ స్వరూపము. ఇట్టిచోట గోప్యతను గూర్చి మాటలాడుట కడుపు నిండినవారి వేడుకగా తోచవచ్చును. నిజమునకు పరిస్థితి తలక్రిందులుగా ఉన్నది. కలవాడు తన వివరములను ఇయ్యనని అనగలడు, లేనివాడు అనలేడు. పంటల బీమాకు, చౌక బియ్యమునకు, వృద్ధాప్య పింఛనుకు, పిల్లల చదువు సాయమునకు అతడు జిరాక్సు అంగడికి పోయి ఆధార్ నకలును, బ్యాంకు పుస్తకపు నకలును తీయించి ఇయ్యవలెను. ఫోను నంబరును వ్రాయవలెను. వ్రేలిని యంత్రము మీద పెట్టవలెను. ప్రభుత్వముతో ఎవనికి ఎంత ఎక్కువ అవసరమో, వాని గుట్టు అంత ఎక్కువగా ఇతరుల చేతిలో ఉండును. కావున గోప్యత మొట్టమొదట పేదవాని ప్రశ్న.

న్యాయస్థానముల మాట

గోప్యత ఒక హక్కు అని మన దేశమున నిర్ధారణ యగుటకు చాల కాలము పట్టినది. ఆ చరిత్రలో తెలుగువారి పాత్ర చిన్నది కాదు. ఖరక్ సింగ్ అను ఉత్తరప్రదేశ్ వాసి దోపిడి కేసులో సాక్ష్యము లేక విడుదలయినను, పోలీసులు అతని పేరును తమ పట్టికలో చేర్చుకొని, రాత్రులందు ఇంటికి వచ్చి తలుపు తట్టుచు, అతని రాకపోకలను కనిపెట్టుచుండిరి. అతని కేసులో సుప్రీంకోర్టు 1962 లో తీర్పు చెప్పెను. రాత్రివేళ ఇంటికి వచ్చుట చెల్లదని ఆరుగురు న్యాయమూర్తులును అంగీకరించిరి. కాని గోప్యత రాజ్యాంగము హామీ ఇచ్చిన హక్కు కాదని అధిక సంఖ్యాకులు పలికిరి. రాజమహేంద్రవరమున జన్మించి, ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తియై, పిదప భారత ప్రధాన న్యాయమూర్తియైన కోకా సుబ్బారావుగారు దీనితో విభేదించిరి. నిఘా నీడలో తిరుగు మనుష్యుడు స్వేచ్ఛగా తిరుగుచున్నట్లు కాదని, గోప్యత వ్యక్తి స్వాతంత్ర్యమునకు ముఖ్యాంగమని వారి అభిప్రాయము. న్యాయమూర్తి షా వారితో ఏకీభవించిరి. ఆనాడు అది ఇద్దరి మాట మాత్రమే.

రెండవ ఘట్టము హైదరాబాదునుండి వెళ్లిన కేసు. స్టాంపు సుంకము ఎగవేతను పట్టుకొనుటకై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1986 లో స్టాంపుల చట్టమును సవరించి, కలెక్టరు అధికారమిచ్చిన ఏ వ్యక్తియైనను బ్యాంకులు మొదలగు చోట్ల ప్రవేశించి పత్రములను తనిఖీ చేయవచ్చునని నిర్ణయించినది. హైకోర్టు దానిని కొట్టివేసినది. 2004 లో సుప్రీంకోర్టు ఆ నిర్ణయమునే ఖాయపరచుచు ఒక అమూల్యమైన సూత్రమును చెప్పినది. గోప్యత మనుష్యులకు చెందినది, స్థలములకు కాదు. ఖాతాదారు తన పత్రములను బ్యాంకుకు అప్పగించినంత మాత్రమున వాని మీద అతని గోప్యత పోదు. కంప్యూటరు యుగమునకు ఈ సూత్రము మరింత వర్తించును. వివరమును ఇచ్చుట వేరు, దానిని వదలుకొనుట వేరు. బియ్యము కొఱకు ఇచ్చిన ఫోను నంబరు అప్పులిచ్చు యాప్ వానికి చేరరాదు.

మూడవ ఘట్టము 2017 ఆగస్టు 24. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామిగారు ఆధార్‌ను ప్రశ్నించుచు 2012 లో, ఎనుబది ఏండ్లు దాటిన వయస్సున, సుప్రీంకోర్టు మెట్లెక్కిరి. ఆ సందర్భమున తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా ప్రకటించినది. కృష్ణా జిల్లాకు చెందిన జాస్తి చలమేశ్వర్‌గారు, 2023 లో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా నియమితులైన అబ్దుల్ నజీర్‌గారు ఆ ధర్మాసనమున కూర్చున్నవారే. సుబ్బారావుగారి ఇద్దరి మాట ఏబది అయిదేండ్లకు తొమ్మండుగురి మాట అయినది. 2018 సెప్టెంబరు 26 న ఆధార్ చట్టము చెల్లునని అధిక సంఖ్యాకులు తీర్పు చెప్పినను, బడిలో చేర్చుకొనుటకు ఆధార్‌ను తప్పనిసరి చేయరాదని, సంఖ్య లేదను కారణమున ఏ బిడ్డకును మేలు తప్పిపోరాదని స్పష్టపరచిరి. ఉపాధ్యాయులు గుర్తుంచుకొనదగిన వాక్యమిది.

తాళము లేని భోషాణము

హక్కు ప్రకటితమైన కాలముననే ఆంధ్రప్రదేశమున జరిగిన సంగతులు ఆ హక్కుకును ఆచరణకును గల దూరమును చూపినవి. బెంగుళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అను సంస్థ 2017 మే నెలలో ఒక నివేదికను ప్రకటించినది. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో సుమారు 13 కోట్ల ఆధార్ సంఖ్యలు, అనేక కోట్ల బ్యాంకు ఖాతాల వివరములు బహిరంగముగా కనబడుచున్నవని అందలి అంచనా. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకు చెందినవి: ఒకటి ఉపాధి హామీ చెల్లింపుల పట్టిక, రెండవది అసంఘటిత కార్మికుల కొఱకైన చంద్రన్న బీమా. మరుసటి సంవత్సరము ఏప్రిల్‌లో, రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ వెబ్‌సైటులో సుమారు 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు వివరములు, కులము, మతము ఎవరికైనను కనబడుచున్నవని బయటపడినది. కులమును బట్టి, మతమును బట్టి పేర్లను వెదకుటకు సైతము వీలుండెను. ఇల్లు మంజూరు చేయుటకు కులము అడుగుటలో ప్రభుత్వమునకు కారణము ఉండవచ్చును. కాని ఫలానా వీధిలో ఫలానా మతమువారి ఇండ్లు ఏవియో లోకమునకు చూపుటలో ఏ కారణమును లేదు. ఒక అల్లరి రేగిన రోజున అట్టి పట్టిక ఎట్టివారి చేతిలో పడునో ఊహించుట కష్టము కాదు.

ఇందు గమనింపదగిన విశేషము, ఎవరును తాళము పగులగొట్టకపోవుట. తలుపు తీసియే ఉండెను. 2016 నాటి ఆధార్ చట్టము 29 వ సెక్షను ఆధార్ సంఖ్యలను బహిరంగముగా ప్రకటింపరాదని శాసించుచున్నది. పట్టికను తయారు చేసిన ఉద్యోగికి దురుద్దేశము ఉండి యుండదు. తాను నింపుచున్న గడిలోని అంకెలు ఒక మనిషివి అను స్పృహ లేకపోయినది. అంతే. ఇంటిగుట్టు లంకకు చేటన్నారు. లంకలో గుట్టు చెప్పినవాడు ఒకడు కలడు. ఇచట చెప్పినవాడు ఎవడో తెలియదు. గుట్టు మాత్రము బయటపడినది.

వెలుగు ఎచట, చాటు ఎచట?

అయితే సమస్త వివరములను దాచివేయుటయే మందు అందమా? అనంతపురం జిల్లావారు అట్లనరు. గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2 న ఆ జిల్లాలోనే, నార్పల మండలము బండ్లపల్లిలో ఆరంభమైనది. సామాజిక తనిఖీ అను పద్ధతిని పెద్దయెత్తున అమలు జరిపి ఆంధ్రప్రదేశ్ దేశమునకు దారి చూపినది. ఎవరు ఎన్ని దినములు పని చేసిరి, ఎంత కూలి ముట్టినది అను పట్టికను ఊరి నడుమ చదివి వినిపించుట ఆ పద్ధతికి ప్రాణము. చనిపోయినవాని పేర కూలి పడినను, ఊరు విడిచిన వాని పేర పని దినములు వ్రాసినను, ఆ పట్టిక చదివిననే బయటపడును. గోప్యత పేరు చెప్పి ఆ పట్టికను బీరువాలో పెట్టినయెడల మేలు పొందువాడు కూలివాడు కాదు, దొంగ లెక్కలు వ్రాసినవాడు.

సమస్య యొక్క చిక్కు ఇచటనే ఉన్నది. దానిని విప్పు సూత్రము కూడ ఇచటనే దొరకును. సామాజిక తనిఖీకి కావలసినవి పేరు, పని దినములు, కూలి మొత్తము. ఆధార్ సంఖ్య కాని, ఖాతా సంఖ్య కాని అక్కరలేదు. ఏ పనికై వివరమును సేకరించిరో, ఆ పనికి ఎంత అవసరమో అంతే వెలుగులో ఉండవలెను. తక్కినది చాటున ఉండవలెను. అధికారము ఎక్కువగా ఉన్నవాని లెక్కలు ఎక్కువ వెలుగులోను, అధికారము లేనివాని వివరములు ఎక్కువ చాటునను ఉండుట న్యాయము. ఈ సూత్రమును తలక్రిందులు చేసినప్పుడే అపాయము.

2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టమును ఈ సూత్రముతో తూచి చూడవచ్చును. వివరములను సేకరించువాడు కారణము చెప్పి అనుమతి తీసికొనవలెనని, పని తీరిన పిదప వానిని తుడిచివేయవలెనని, భద్రత లోపించి వివరములు బయటపడినచో 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చునని అది చెప్పుచున్నది. పదునెనిమిది ఏండ్లు నిండనివారి విషయమున తల్లిదండ్రుల నిర్ధారిత అనుమతి కావలెను. పిల్లల ప్రవర్తనను కనిపెట్టుచు వారిపై ప్రకటనలను గురిపెట్టరాదు. ఇవి మంచి నిబంధనలు. వీనికి నియమావళి 2025 నవంబరులో ప్రకటితమైనది. ప్రధాన బాధ్యతలు అటుపిమ్మట 18 మాసములకు అమలులోనికి వచ్చునట్లు గడువు పెట్టిరి. కాని ఇదే చట్టము ప్రభుత్వ సంస్థలకు విస్తారముగా మినహాయింపులు ఇయ్యవచ్చుననుచున్నది. సమాచార హక్కు చట్టమునందలి 8(1)(జె) నిబంధనను సవరించి, వ్యక్తిగత సమాచారమైనచో నిరాకరించుటకు అధికారికి మునుపటికంటె సులభమైన దారి చూపినది. ప్రజాప్రయోజనము అధికమైనప్పుడు సమాచారము ఇయ్యవచ్చునను 8(2) నిలిచియే ఉన్నది. అయినను అర్జీదారు మోయవలసిన భారము పెరిగినది. సామాన్యుని కొఱకై కట్టిన గోడ చాటున అధికారి నిలుచుండునా అను అనుమానము నిరాధారము కాదు.

వేలిముద్ర కథ

పాస్‌వర్డు పోయిన మార్చుకొనవచ్చును. బ్యాంకు కార్డు పోయిన రద్దు చేయించుకొనవచ్చును. వేలిముద్ర పోయిన ఏమి చేయవలెను? ఈ ప్రశ్న ఊహ కాదు. మన రైతు తరతరములుగా పొలము క్రయ దస్తావేజు మీద బొటనవ్రేలి ముద్ర వేయుచున్నాడు. అది తన భూమికి రక్షయని అతని నమ్మకము. దస్తావేజులను కంప్యూటరులోనికి ఎక్కించి, ఎవరైనను ఇంటర్నెట్టులో చూచుకొనుటకు వీలు కల్పించిన పిదప ఆ రక్షయే ముప్పుగా మారినది. 2018 లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారిని పోలీసులు అరెస్టు చేసిరి. రిజిస్ట్రేషను దస్తావేజులలోని ముద్రలను చూచి నకిలీ వేలిముద్రలను తయారు చేసి, ఇతరుల పేర సిమ్ కార్డులను పని చేయించినాడని అభియోగము. 2022 లో సైబరాబాదు పోలీసులు పట్టుకొనిన ముఠా మరియొక మెట్టు ఎక్కినది. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటునుండి దస్తావేజులను దించుకొని, అందలి ఆధార్ సంఖ్యలతోను, ముద్రలకు చేసిన నకళ్లతోను ఖాతాలలోని సొమ్మును కాజేసినదని పోలీసులు తెలిపిరి.

ఈ మోసము సాగుటకు కారణము ఒక మంచి సౌకర్యమే. ఆధార్ ఆధారిత చెల్లింపు పద్ధతిలో బ్యాంకు పేరు, ఆధార్ సంఖ్య, వేలిముద్ర ఉన్న చాలును. ఊరిలోనే సొమ్ము చేతికి వచ్చును. అక్షరజ్ఞానము లేని ముసలమ్మకు పింఛను కొఱకు మండల కేంద్రమునకు నడువవలసిన అగత్యము తప్పినది. కాని ఆ పద్ధతిలో ఓటీపీ లేదు, రహస్య సంఖ్య లేదు. మూడు వివరములలో రెండు కాగితము మీద ఉన్నవి, మూడవది దస్తావేజు మీద ఉన్నది. అందుచేత వేలిముద్రకు తాళము వేయు సౌకర్యమును ఆధార్ సంస్థ ఏర్పరచినది. సంస్థ వెబ్‌సైటులోను, యాప్‌లోను బయోమెట్రిక్ లాకు అను చోట దీనిని వేసికొని, అవసరమైనప్పుడు తీసి, మరల వేసికొనవచ్చును. మొదటి ఎనిమిది అంకెలను మరుగు పరచి చివరి నాలుగింటిని మాత్రమే చూపు ఆధార్ ప్రతిని కూడ దించుకొనవచ్చును. లాడ్జీలోను, సిమ్ కార్డు అంగడిలోను పూర్తి సంఖ్య గల నకలును వదలి రావలసిన పని లేదు. ఇట్టి సౌకర్యములు ఉన్నవని ముదిగుబ్బ సంతలో ఎందరికి తెలియును? తెలిపెడి భారము చదువుకొన్న ఇంటి పిల్లలదే.

ఒకరి గుట్టు, ఇరుగు పొరుగు గుట్టు

నా యొద్ద దాచవలసినది ఏమున్నది అని నిర్లక్ష్యముగా పలుకువారు ఒక లెక్కను చూడవలెను. కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారమున ఫేస్‌బుక్ సంస్థ 2018 ఏప్రిల్‌లో చెప్పిన ప్రకారము, భారతదేశమున ఆ ప్రశ్నావళి యాప్‌ను పెట్టుకొన్నవారు 335 మంది. దానివలన వివరములు పోయియుండవచ్చుననిన వారు 5,62,455 మంది. 335 మంది సరదాగా నొక్కిన మీట, వారి మిత్రుల గుట్టునంతయు కదలించినది. కావున గోప్యత ఒంటరివాని ఆస్తి కాదు. ఫోనులోని పరిచితుల పట్టికను ఒక అప్పుల యాప్‌కు అప్పగించినవాడు తన మేనమామ నంబరును, తన గురువు నంబరును కూడ అప్పగించుచున్నాడు. అప్పు తీర్చలేని రోజున ఆ నంబర్లన్నింటికి అవమానకరమైన సందేశములు పోవుట తెలుగు జిల్లాలు ఇటీవల చూచిన దుఃఖములలో ఒకటి. నవగోప్యములలో అవమానమును పెద్దలు ఊరకే చేర్చలేదు.

పాఠశాల చేయగలిగిన పని

ఈ విషయమున పాఠశాలకు రెండు ముఖములు ఉన్నవి. అది గోప్యతను బోధింపగల స్థలము. అదియే పిల్లల వివరములు కుప్పగా పేరుకొను స్థలము. విద్యార్థి పేరు, పుట్టిన తేదీ, కులము, తలిదండ్రుల ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోను నంబరు, ఆరోగ్య వివరము - అన్నియు ఉపాధ్యాయుని చేతిమీదుగా నడచును. విద్యార్థికి పన్నెండు అంకెల గుర్తింపునిచ్చు అపార్ పథకమునకు తలిదండ్రుల సమ్మతి పత్రము కావలెను. చాలచోట్ల ఆ పత్రము సంతకమునకై ఇంటికి పోయి తిరిగివచ్చు కాగితముగా మిగిలినది. అందు ఏమున్నదో చదివి వినిపించిననే అది సమ్మతి యగును. చదువురాని తల్లి వేయు వేలిముద్రకు అర్థము కల్పించువాడు ఉపాధ్యాయుడే.

తక్కిన జాగ్రత్తలు డబ్బుతో పని లేనివి. తరగతి పిల్లల ఆధార్ పట్టికను వాట్సాప్ బృందములో పెట్టరాదు. కావలసిన అధికారికి మాత్రమే పంపి, పని తీరిన వెంటనే ఫోనునుండి తీసివేయవలెను. మార్కులను, ఫీజు బాకీలను, కులమును బట్టి వచ్చు సాయములను అందరియెదుట చదువరాదు. బాలికల ఛాయాచిత్రములను ఇంటివారి అనుమతి లేక ఇంటర్నెట్టులో ఉంచరాదు. కంప్యూటరు గదిలో ఒకే పాస్‌వర్డును గోడమీద వ్రాసి పెట్టుట మానవలెను.

విద్యార్థికి నేర్పవలసినది భయము కాదు, ప్రశ్న. ఈ వివరము ఎవరు అడుగుచున్నారు? ఎందుకు అడుగుచున్నారు? ఎంత కాలము ఉంచుకొందురు? ఇయ్యకున్న ఏమగును? టార్చిలైటు వంటి యాప్ ఒకటి పరిచితుల పట్టికను, ఇంటి చిరునామాను అడిగినచో ఈ నాలుగు ప్రశ్నలే దాని రంగు బయటపెట్టును. పోలీసునని, జడ్జినని వీడియోలో కనబడి డిజిటల్ అరెస్టు చేసినామని బెదరించువానికి కూడ ఇవే ప్రశ్నలు. అట్టి అరెస్టు మన చట్టములలో ఎచటను లేదు. మోసపోయినట్లు తోచినచో సిగ్గుపడి దాచుట తగదు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను. సొమ్ము ఇంకను ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు ప్రాకుచుండగనే తెలిపినయెడల ఆపగల అవకాశము ఎక్కువ. దాచవలసినది వివరమును గాని, జరిగిన మోసమును కాదు.

న్యాయస్థానము హక్కును ప్రకటించినది. పార్లమెంటు చట్టము చేసినది. ఈ రెండును ఢిల్లీలో జరిగిన పనులు. కూలివాని ఖాతా సంఖ్య ఎవరి చేతిలోనికి పోవునో నిర్ణయమగునది మాత్రము మండల కార్యాలయపు బల్లమీద, మీసేవ కేంద్రములో, బడిలోని రిజిస్టరు వద్ద. అచట కూర్చున్నవాడు పట్టికలోని అడ్డగీతను ఎచట గీయవలెనో తెలిసినవాడైనచో కోట్ల జరిమానాలు చేయలేని మేలు జరుగును. రేపు ఆ బల్లల వద్ద కూర్చుండువారు నేడు తరగతి గదులలో ఉన్నారు.